చిన్న కారు – వెనుక నంబరు ప్లేటు

పెనుమూడి వద్ద కృష్ణపై వంతెన లేని దినములలో ఈ గట్టునుండి ఆవలి గట్టుననున్న పులిగడ్డకు పోవలెనన్న రేవులో పడవకొరకు వేచియుండవలసినదే. ఎవరు వచ్చిరో ఎవరు పోయిరో రేవులోని వారందరికిని తెలియుచుండెడిది. పడవవాడు మనిషి ముఖము చూచి ఊరి పేరు చెప్పెడివాడు. నేడు నదిపై వంతెన ఉన్నది. కత్తిపూడినుండి ఒంగోలు వరకు పోవు 216వ జాతీయ రహదారి ఆ వంతెనమీదుగనే సాగుచున్నది. మచిలీపట్నమునుండి బాపట్లకు, చీరాలకు పోవు కార్లు పగలనక రాత్రియనక మా ఊరి మీదుగా పోవుచుండును. లోపల కూర్చున్న వారెవరో మాకు తెలియదు. తెలిసికొనుటకు మిగిలిన ఆధారము కారు వెనుకనున్న జానెడు అల్యూమినియపు రేకు ఒక్కటే.

ఇంత చిన్న రేకును గూర్చి పావుగంటసేపు చెప్పుటకు ఏమున్నదని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచెడిది. వరికోతల కాలమున మా ఊరిలో జరిగిన ఒక సంగతి మా అభిప్రాయమును మార్చినది.

మా వీధిలో చేపలు అమ్ముకొని జీవించు నడివయస్కుడొకడు కలడు. అతడు సందెవేళ మోపెడుపై రేపల్లెనుండి తిరిగి వచ్చుచుండగా వెనుకనుండి వచ్చిన చిన్న కారొకటి అతనిని ఒరసికొని పోయినది. అతడు బండితో సహా రోడ్డు దిగువకు పడెను. తొడయెముక విరిగెను. కారు ఆగలేదు. చూచినవారు ఇద్దరు: గడ్డిమోపుతో వచ్చుచున్న కూలివాడొకడు, ట్యూషనునుండి సైకిలుపై వచ్చుచున్న పిల్లవాడొకడు. తెల్లకారని ఇద్దరును చెప్పిరి. రోడ్డుమీద పది కార్లు పోయిన అందు నాలుగో ఐదో తెల్లవే గదా! నంబరేమని పోలీసువారు అడుగగా కూలివాడు, "నాకు చదువు రాదండి" అనెను. పిల్లవాడు తెలివిగలవాడు. సైకిలు పడవేసి కొంత దూరము కారు వెంట పరుగెత్తినాడట. "ఏపీ ముప్పై తొమ్మిది అని మాత్రం కనబడిందండి. కింద వరసంతా బురద. వెనక లైటు కూడా వెలగట్లేదు" అని చెప్పెను.

ఇందలి దురదృష్టమును కొంత వివరింపవలెను. 2019వ సంవత్సరపు ఆరంభమునకు పూర్వము మన రాష్ట్రమున ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క సంఖ్య ఉండెడిది. గుంటూరు జిల్లా బండియైనచో 07, కృష్ణా జిల్లా బండియైనచో 16, ప్రకాశము జిల్లా బండియైనచో 27. మొదటి వరుస మాత్రమే కనబడినను ఏ జిల్లాలో వెదకవలెనో తెలియుచుండెడిది. ఆ తరువాత రాష్ట్రమంతటికిని 39 అను ఒక్క సంఖ్యనే నిర్ణయించిరి. యజమాని ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు మారినను చిక్కు ఉండరాదని ఇట్లు చేసిరి. అందులో సౌకర్యము లేకపోలేదు. కాని దీనివలన క్రింది వరుసలోని అక్షరములు, నాలుగు అంకెలు తప్ప తక్కినదంతయు బండిని గుర్తించుటకు అంతగా పనికిరానిదయ్యెను. "ఏపీ 39" అని చెప్పుట దొంగను చూచితివా అని అడిగినవారికి "చూచితిని, తెలుగువాడు" అని చెప్పుటవంటిది. 2022వ సంవత్సరమున మా ప్రాంతము గుంటూరు జిల్లానుండి విడివడి బాపట్ల జిల్లాలో చేరినది. ఆ మార్పునకు కూడ ప్లేటుమీద గుర్తేమియు లేదు.

మా పొరుగువాని సంగతి ఏమైనదనగా, ఢీకొట్టిన వాహనము తెలియనప్పుడు బాధితునకు ఇచ్చుటకు మోటారు వాహనముల చట్టములోని 161వ సెక్షను క్రింద ఒక పథకము ఉన్నది. 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి దాని ప్రకారము తీవ్రమైన గాయమునకు 50,000 రూపాయలు, మరణమునకు 2 లక్షల రూపాయలు ఇత్తురు. అంతకుపూర్వము ఇవి 12,500, 25,000 మాత్రమే. పెంచుట మంచిదే. కాని వాహనము తెలిసియున్నచో దారి వేరు. ప్రతి వాహనమునకును ఇతరులకు కలుగు నష్టమును భరించు ఇన్సూరెన్సు ఉండితీరవలెను. నంబరు చేతిలో ఉన్నచో యజమాని ఎవరు, ఇన్సూరెన్సు ఎవరిది, గడువు ఎప్పటివరకు అను వివరములు రవాణా శాఖ పట్టీలోనుండి అప్పటికప్పుడే తీయవచ్చును. అప్పుడు ట్రిబ్యునలు ఎదుట దావా వేసి, ఆసుపత్రి ఖర్చులు, పోయిన సంపాదన, మిగిలిన అవిటితనము అన్నియు లెక్కకట్టి పరిహారము అడుగవచ్చును. రోజుకూలితో బ్రతుకువాడు ఆరునెలలు మంచము పట్టినచో 50,000 రూపాయలు ఎంతవరకు వచ్చును? ఈ రెండు దారులకు నడుమనున్న భేదమంతయు ఆ సాయంకాలము ఒక ప్లేటులోని క్రింది వరుసకు అంటిన బురద.

అతని తరఫున దరఖాస్తు మేమే వ్రాసి ఇచ్చితిమి. వ్రాసి ఇంటికి వచ్చి, వాకిట నిలిపిన మా కారు వెనుకకు పోయి చూచితిమి. ఎవరి వీపు వారికి కనబడదన్నట్లు, కారు నడుపువానికి కారు వెనుకభాగము ఎన్నడును కనబడదు. మేమును నెలల తరబడి చూడలేదు. చూచి సిగ్గుపడితిమి.

మాది 2020లో కొన్న చిన్న కారు. ఒకసారి పొలము గట్టున వెనుకకు తిప్పుచుండగా తాటిమొద్దుకు కొట్టుకొని వెనుక బంపరు పగిలెను. బంపరు మార్చిన పనివాడు ప్లేటును పట్టియుంచు తాళములను విరుగగొట్టి, మరల బిగించునప్పుడు రెండు ఇనుప స్క్రూలు దిగకొట్టి పంపెను. అవి బంపరు ప్లాస్టిక్కులో ఎంతకాలము నిలుచును? ఒకటి ఎప్పుడో ఊడిపోయినది. ప్లేటు ఎడమవైపునకు ఒరిగియున్నది. మిగిలిన రెండవ స్క్రూ తల సరిగా 3 అంకె యొక్క ఎడమవైపు తెరపిలో కూర్చున్నది; నాలుగు బారల దూరమునుండి చూచినచో ఆ 3 అచ్చముగా 8 వలె ఉన్నది. ప్లేటుపై వెలుగవలసిన బల్బు మాడిపోయినది. చేపలపెట్టె డిక్కీలో పెట్టి తెచ్చినప్పుడు కారిన ఉప్పునీటి చారలు క్రింది వరుసపై తెల్లగా ఎండియున్నవి. మా కారు ఎవరినైన తాకి ఆగకపోయినచో, ఆ పిల్లవాడు మా నంబరును కూడ చెప్పలేకపోయెడివాడు. మేము ఆగెడివారమే గదా అని మనస్సును సమాధానపరచుకొనవచ్చును. కాని కారును ఇతరులు నడుపరా? దొంగిలింపరా?

ముందు ప్లేటుకంటె వెనుక ప్లేటునకు పెద్దపీట ఎందుకు వేయవలెనో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఎదురుగా వచ్చు కారు నంబరును చదువవలసిన పని సామాన్యముగా మనకు కలుగదు. ప్రమాదము జరిగిన పిదప, కారు మనలను దాటిపోయిన పిదపనే నంబరు కావలసివచ్చును. అప్పుడు కనబడునది వెనుకభాగమే. అమెరికాలోని మన తెలుగువారు ఎరుగుదురు: పెన్సిల్వేనియా, జార్జియా, ఫ్లోరిడా, మిషిగన్ వంటి రాష్ట్రములలో ముందు ప్లేటు అక్కరలేదు, వెనుకది ఒక్కటి ఉన్న చాలును. ఒహాయో రాష్ట్రము 2020 జూలైలో ముందు ప్లేటును విడిచిపెట్టినది. ముందుది లేకుండుట మేలా కీడా అను వాదమును వారికే విడుతము. వెనుకదానిని మాత్రము ఏ రాష్ట్రమును విడువలేదు.

పందొమ్మిదవ శతాబ్దపు చివర, 1893 ఆగస్టులో, పారిస్ పోలీసువారు మోటారు బండ్లకు లోహపు పలకలు తగిలింపవలెనని ఆజ్ఞ చేసినప్పుడు పలకపై యజమాని పేరు, చిరునామా కూడ ఉండవలెననిరి. అనగా మా రేవులోని పడవవాని పద్ధతియే. బండ్లు పెరిగినకొలది పేరు పోయి నంబరు మిగిలినది. ఇంగ్లండులో 1904 జనవరి 1వ తేదీనుండి నంబర్లు తప్పనిసరి అయ్యెను. మన దేశమున నేటి పద్ధతి, అనగా రాష్ట్రమునకు రెండక్షరములు, కార్యాలయమునకు రెండంకెలు, పిదప వరుస అక్షరములు, నాలుగంకెలు, 1989 జూలై 1వ తేదీన కొత్త చట్టముతో వచ్చినది. అంతకుముందు సొంత కార్లకు నల్లని పలకపై తెల్లని రంగుతో మూడక్షరములు, అంకెలు వ్రాసెడివారు. నల్లపలక ఆ తరువాత కూడ కొన్నాళ్ళు నిలిచినది. తెనాలిలో సైనుబోర్డులు వ్రాయు పెయింటరులు ఈ పలకలు వ్రాయుటలో ఎంతో నేర్పరులు. అంకె క్రింద నీడ, అక్షరపు కొనకు తోక పెట్టి వ్రాసెడివారు. వారి చేతి పనితనము నేడు కనబడదు, ఆ విచారము మాకు లేకపోలేదు. కాని చీకటిలో ఆ పలక వట్టి నల్లరేకు.

ఇప్పటి ప్లేటు సంగతి వేరు. 2019 ఏప్రిల్ 1వ తేదీ తరువాత తయారైన కార్లకు హై సెక్యూరిటీ ప్లేటు తయారీదారులే ఇయ్యవలెను, విక్రేతలు బిగింపవలెను. ఇది ఒక మిల్లీమీటరు మందముగల అల్యూమినియపు రేకు. అంకెలు రేకునుండి పైకి ఉబ్బియుండును. ఎడమ పై మూలను చక్రపు బొమ్మగల హోలోగ్రాము, దాని క్రింద నీలి అక్షరములు, లేజరుతో చెక్కిన సంఖ్య ఉండును. ఇవన్నియు దొంగ ప్లేట్లను పట్టుటకు. మనకు ప్రయోజనకరమైనది దానిపైనున్న మెరుపు పొర. ఆ పొరలో సన్నని గాజుపూసలో, పట్టకములో ఉండును. మామూలు అద్దము వెలుగును ఎటో త్రిప్పివేయును. ఈ పొర వెలుగు ఏ వైపునుండి వచ్చినదో ఆ వైపునకే తిరిగి పంపును. అందువలననే వెనుకనుండి వచ్చు కారు దీపము పడినప్పుడు ఆ కారు నడుపువాని కన్నులకు ప్లేటు పాలవలె తెల్లగా కనబడును. దీనిపై ఇసుకతో రుద్దుట, గిన్నెలు తోము పీచుతో గీకుట, కిరసనాయిలు పూయుట చేయరాదు. పొర గీతలుపడి మసకబారినచో మరల బాగుచేయు ఉపాయము లేదు. మంచినీరు, మెత్తని గుడ్డ, బురద మొండిదైనచో కాస్త సబ్బు నురుగు. అంతే చాలును.

ప్లేటు కొలతలను గూర్చి కొంచెము చెప్పవలెను. చిన్న కార్లలో చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. మన నిబంధనల ప్రకారము కారు ప్లేటు రెండు రకములు: 340 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు గలది ఒకటి, 500 పొడవు, 120 ఎత్తు గలది మరియొకటి. అక్షరములు, అంకెలు 65 మిల్లీమీటర్ల ఎత్తు, 10 మిల్లీమీటర్ల దళసరి, నడుమ 10 మిల్లీమీటర్ల ఎడము కలిగియుండవలెను. వెనుకవైపున నంబరును రెండు వరుసలుగా వ్రాయుట నియమము. రెండు వరుసలకు చోటులేని కార్లకు మాత్రము ఒక్క వరుస చాలునని మినహాయింపు కలదు. అయితే చిన్న కార్లను నిర్మించువారు ఒక్క మన దేశమునకే నిర్మింపరు. జపానులో ప్లేటు 330కి 165 మిల్లీమీటర్లు, అమెరికాలో పన్నెండు అంగుళములకు ఆరు అంగుళములు, ఐరోపాలో పొడవుగా సన్నగా 520 మిల్లీమీటర్లు. కారు వెనుక ప్లేటుకొరకు విడిచిన గుంట ఈ కొలతలలో దేనికి అనుకూలముగా ఉన్నదో చూడవలెను. పొడుగు గుంటలో ఎత్తు ప్లేటును ఇరికింపబోయినచో అంచులు వంగును. వంగిన ప్లేటు వెలుగును సరిగా తిరిగి పంపదు. కొంతకాలమునకు వంగినచోటనే చిట్లును. కాబట్టి గుంటకు తగిన ప్లేటునే అడిగి తీసికొనవలెను గాని ప్లేటును గుంటకు తగినట్లు వంచరాదు. మా కారు గుంటకు ఎత్తు ప్లేటు సరిపోవును. ఈ విషయమున మేము అదృష్టవంతులము.

ప్లేటును సొంతముగా ఊడదీసి బిగించుకొందమని మొదట స్పానరు, స్క్రూడ్రైవరు తీసికొని కూర్చుంటిమి. అది పొరపాటు. వెనుక ప్లేటును పట్టియుంచు తాళము ఒకసారి వేసినచో మరల తీయుటకు వీలులేనిది. దాని మొన ప్లేటు రంధ్రముగుండా లోనికి పోయి టిక్కుమని విచ్చుకొనును, వెనుకకు లాగినచో రాదు, విరుగగొట్టినగాని ఊడదు. ఒక కారు ప్లేటును మరియొక కారుకు తగిలించు దొంగలను ఆపుటకు ఈ ఏర్పాటు. ఈ తాళములు బజారులో కొని వేసికొనునవి కావు. అధికారము పొందిన విక్రేత వద్దనే వేయింపవలెను. కనుక మరునాడు తెనాలి పోతిమి.

అక్కడి పనివాడు యువకుడు, ఓపికగలవాడు. మేము ప్రక్కన నిలిచి చూచుచుండగా చేసిన పనిని చెప్పెదము. శ్రోతలు కూడ తమ కార్లకు చేయించుకొనునప్పుడు నిలిచి చూచుట మంచిది. అతడు మొదట పాత స్క్రూ ఊడదీసెను. స్క్రూ తుప్పుపట్టి ఎర్రబడియుండెను. దానిచుట్టును అల్యూమినియము తెల్లని పొడియై రాలుచుండెను. మేము ఆశ్చర్యపడితిమి. అల్యూమినియము తుప్పుపట్టదని విన్నాము గదా! కారణము కష్టమైనది కాదు. ఇనుము, అల్యూమినియము వంటి రెండు వేరు లోహములు తాకియున్నచోట ఉప్పుతేమ తగిలినచో అది చిన్న బ్యాటరీ వలె పనిచేయును. ఆ బ్యాటరీలో తినబడునది అల్యూమినియము. మాది నిజాంపట్నము వైపు సముద్రపు గాలి తగులు ఊరు. అది చాలదన్నట్లు మా చేపలపెట్టె నీరు. మెట్టప్రాంతమున చాలకాలము నిలుచు స్క్రూ మా వద్ద అంతకాలము నిలువదు. దీనికి మందు చవుకైనదే: లోహమునకును ప్లేటునకును నడుమ నైలాను వాషరు. రెండు రూపాయల వస్తువు. అతడు అక్కరలేదనెను గాని మేము పట్టుబట్టి వేయించితిమి.

పాత రంధ్రములు బంపరు ప్లాస్టిక్కులో వదులై గుండ్రని ఆకారము పోయియుండెను. వదులు రంధ్రమున ఎంత మంచి తాళము వేసినను ప్లేటు కదలును. కదలినది గతుకులరోడ్డుపై టకటకమని కొట్టుకొనును. కొట్టుకొన్నది ఒకనాడు ఊడును. కావున అతడు బంపరు వెనుకనుండి చిన్న పట్టీయొకటి వేసి దానికి కొత్త రంధ్రములు చేసెను. డ్రిల్లు పెట్టుటకు ముందు లోపలివైపున చేయి పెట్టి తడిమెను. ఎందులకనగా అక్కడనే బల్బు తీగలు పోవును. కొన్ని కార్లలో డిక్కీ తాళపు తీగ, వెనుకకు పోవునప్పుడు చూచు కెమెరా తీగ కూడ ఉండును. తెలియక డ్రిల్లు దించినచో నంబరు ప్లేటు ఖర్చు కాస్తయు కెమెరా ఖర్చగును. మా కారుకు ప్లేటు బంపరుపై ఉన్నది. డిక్కీ తలుపుపై ప్లేటుగల కార్లలో రంధ్రము ఇనుపరేకులో చేయవలసివచ్చును. అప్పుడు రంధ్రపు అంచునకు రెడాక్సైడో, ఏదైన ప్రైమరో పూయకున్నచో అక్కడ మొదలైన తుప్పు తలుపంతయు ప్రాకును. అట్టి కార్లవారు మరియొకటి గమనింపవలెను. వడ్లబస్తా వేసికొని డిక్కీ తలుపు సగము తెరచి త్రాటితో కట్టి పోవుట మన ప్రాంతమున అలవాటు. తలుపుతోబాటు ప్లేటు ఆకాశమువైపు తిరుగును. అది దేవతలు చదువుకొనుటకు తప్ప వెనుకవారికి పనికిరాదు.

రంధ్రములు చేసిన పిదప అతడు ప్లేటును తిన్నగా నిలిపి, రెండు తాళములను టిక్కు టిక్కుమనిపించెను. ఇక దానిని కదల్చబోయినను కదలలేదు. ప్లేటు చుట్టును నల్లని అందమైన చట్రము వేయవలెనా అని అడిగెను. వలదంటిమి. చట్రము లోతైనదైనచో పైనుండి పడు బల్బు వెలుగునకు అడ్డమై పై వరుసపై నీడ వేయును. సన్నదైనను అడుగున నీరు, మట్టి నిలుపును. అందమునకు పోయి అంకెలు దాచుట మాకు ఇష్టము లేదు. కొందరు ప్లేటుపై తాము చేయు ఉద్యోగము, తమ కులము, అభిమాన నటుని పేరు వ్రాయించుకొందురు. అది చట్టము ఒప్పునది కాదు. తెలుగు అంకెలలో నంబరు వ్రాయించుకొను భాషాభిమానులును కలరు. భాషాభిమానమున మేము వారికి తీసిపోము. కాని నిబంధన ఇంగ్లీషు అక్షరములను, మనము నిత్యము వాడు అంకెలనే ఒప్పుకొనును. కత్తిపూడి రహదారిపై పోవు ఒడియా లారీవాడు కూడ మన నంబరును చదువగలుగవలెను గదా.

తెనాలిలో పని ముగిసినది గాని బల్బు పని మిగిలెను. దానిని ఇంటివద్దనే చేసికొనవచ్చును. దానికి అధికారమేమియు అక్కరలేదు. చాల చిన్న కార్లలో ఈ బల్బు 12 ఓల్టులు, 5 వాట్లు గలది. మూతను మెల్లగా ఒకప్రక్కనుండి ఎత్తినచో వచ్చును. మా దానిలో బల్బు మాడుటయేగాక, అది కూర్చుండు చోట చిలుము పట్టియుండెను. కొత్త బల్బు వేసినను వెలుగలేదు. గరుకు కాగితముతో రెండు కొనలను మెల్లగా రుద్దగా వెలిగినది. మూత చుట్టునున్న రబ్బరు చీలియున్నచో నీరు దిగి మరల చిలుము పట్టును. ఆ రబ్బరు మార్చుకొనుట మంచిది. బల్బు తెల్లనిదే కావలెను. నీలిది, ఎర్రది, రంగులు మారునది అమ్ముచున్నారు. అవి వేసినచో వెలుగు ఉండును గాని నంబరు చదువబడదు.

వెలిగిన చాలునా? చట్టము చెప్పు పరీక్ష ఒకటి ఉన్నది: రాత్రివేళ ఆ దీపపు వెలుగున వెనుకనుండి 15 మీటర్ల దూరమున నంబరు చదువబడవలెను. 15 మీటర్లనగా పెద్దవాడు నడచిన ఇరువది అంగలు. టేపు అక్కరలేదు. ప్లేటు కొత్తగా బిగించిన నాటి రాత్రి మేము ఆ పిల్లవానినే పిలిచితిమి. కారు ఇంజను ఆపి, దీపములు వేసి, వీధిలైటు లేనిచోట నిలిపితిమి. మేము కారు వద్దనుండి ఇరువది అంగలు లెక్కించి నడచి, అక్కడ వానిని నిలిపితిమి. వాడు పై వరుస చదివెను. క్రింది వరుసలో అక్షరములు చదివెను. అంకెల వద్ద ఆగి, తల ప్రక్కకు వంచి, "మూడేనా తాతయ్యగారూ, ఎనిమిదా?" అనెను. మా గుండె ఒక్కసారి జారెను. దగ్గరకు పోయి చూడగా పాత స్క్రూ రంధ్రము నల్లగా అక్కడనే ఉన్నది. దాని అంచున పాత మట్టి ఎండియున్నది. తడిగుడ్డతో తుడిచి, తెల్లని పొరముక్కయేదియు అంటింపక, రంధ్రము వెనుకనున్న నల్లని బంపరు కనబడకుండునట్లు లోపలివైపున తెల్లని ప్లాస్టిక్కు ముక్క నొకదానిని దోపితిమి. వాడు మరల ఇరువది అంగల దూరమునకు పరుగెత్తెను. ఈసారి ఆగకుండ చదివెను. ఆ రంధ్రముగల ప్లేటు మార్చుకొనుటయే సరియైన పని అని తెనాలి యువకుడు ఫోనులో చెప్పగా దానికిని దరఖాస్తు పెట్టితిమి. దెబ్బతిన్న ప్లేటును అప్పగించి కొత్తది తీసికొనవలెను. పోయినదైనచో మొదట పోలీసు స్టేషనులో వ్రాయింపవలెను.

ఇంటికి పోవుచు పిల్లవాడు మా పొరుగువాని వాకిట ఆగెను. గోడకు ఆనించిన మోపెడు అప్పటికింకను బాగుచేయబడలేదు. వెనుక ప్లేటు పడినప్పుడు వంగి చక్రమువైపు తిరిగియుండెను. దాని వెనుకదీపపు గాజు పగిలియుండెను. "ఇది కూడా చూద్దామండి" అని వాడు చేతిలైటు దానిమీద వేసెను. మంచముమీదనుండి చేపలవాడు, "దాన్నిప్పుడెవరు నడుపుతారయ్యా, నేను లేచాక చూద్దాం" అనెను. మేము స్పానరు తెచ్చుటకు ఇంటిలోనికి పోతిమి.